తాళం వేశాం, గొళ్లెం మరిచాం: వైఫై రూటర్ సెట్టింగ్స్‌లో నిజంగా కాపాడేవి ఏవి?

వైఫై రూటర్ కొత్తగా బిగించగానే చాలామంది చేసే పని ఒక్కటే: పాస్‌వర్డ్ పెట్టడం. గుర్తుంటుందని ఫోన్ నంబరో పుట్టినతేదీయో పెట్టేసి, ఫోన్‌లో నెట్ రాగానే ఆ పేజీ మూసేస్తారు. మళ్లీ తెరిచేది నెట్ ఆగిపోయిన రోజునే. ఇంకాస్త జాగ్రత్తపరులు మరో రెండు మూడు చోట్ల టిక్కు పెడతారు. నెట్‌వర్క్ పేరు కనబడకుండా దాచేస్తారు, తెలిసిన ఫోన్లను తప్ప రానివ్వొద్దని మ్యాక్ ఫిల్టర్ పెడతారు, ఇక నిశ్చింత అనుకుంటారు. తాళం వేసితిని గొళ్లెం మరచితిని అన్నట్టు, వీళ్లలో ఎవరి తలుపూ సరిగా పడలేదు.

తప్పు పూర్తిగా వాళ్లది కాదు. రూటర్ సెట్టింగ్స్ పేజీ అన్ని అంశాలనూ ఒకే వరసలో, ఒకే సైజు అక్షరాల్లో చూపిస్తుంది. ఒక్కొక్కటీ ఒక్కో తాళంలా కనిపిస్తుంది. వాటిలో ఏది ఇనుప తలుపో, ఏది పల్చటి తెరో చెప్పే మాట ఆ పేజీలో ఎక్కడా ఉండదు. ఆ తేడా తెలుసుకోవడానికి ప్రతి సెట్టింగ్ దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోవచ్చు: గాలిలో వింటూ కూర్చున్నవాడికి దీనివల్ల ఏం అందకుండా పోతుంది?

ఈ ప్రశ్నే ఎందుకంటే, వైఫై అంటే రేడియో. వైరు మీద వెళ్లే మాట వినాలంటే ఆ వైరు దాకా రావాలి. రూటర్ పంపే ప్యాకెట్, అంటే చిన్న డేటా ముక్క, మాత్రం నాలుగు వైపులకూ వెళ్తుంది. గోడ దాటుతుంది, కిటికీ దాటుతుంది, వీధిలో ఆగి ఉన్న బండిదాకా వెళ్తుంది. ల్యాప్‌టాప్‌లోని వైఫై కార్డును మానిటర్ మోడ్‌లో పెడితే అది తనవి కాని ప్యాకెట్లను కూడా పట్టి దాచుకుంటుంది. అందుకు నెట్‌వర్క్‌లో చేరనక్కర్లేదు. చేరలేదు కాబట్టి రూటర్ లాగ్‌లో ఒక్క గీత కూడా పడదు. వినేవాడు ఉన్నాడో లేడో తెలిసే మార్గం లేదు కనుక ఉన్నాడనే అనుకుని మొదలుపెట్టాలి.

డ్రాప్‌డౌన్‌లో దాగిన ఇరవై ఏళ్ల చరిత్ర

వైర్‌లెస్ సెక్యూరిటీ అనే చోట ఒక డ్రాప్‌డౌన్ ఉంటుంది. ఓపెన్, వెప్, డబ్ల్యూపీఏ, డబ్ల్యూపీఏ2, రెండూ కలిపిన మిక్స్‌డ్ మోడ్, కొత్త రూటర్లలో డబ్ల్యూపీఏ3. ఓపెన్ అంటే తాళమే లేదు, మిగతావి గాలిలో వెళ్లే డేటాకు తాళం వేసే ఎన్‌క్రిప్షన్ పద్ధతులు. ఇదేదో తక్కువ రకం, మధ్య రకం, మేలు రకం అన్న జాబితాలా అనిపిస్తుంది. నిజానికి ఇది ఒకదాని తర్వాత ఒకటి విరిగిపోయిన తాళాల వరస. పాత పరికరాల కోసం తయారీదారులు విరిగినవాటిని కూడా ఆ వరసలోనే ఉంచేశారు.

వెప్ 1997లో తొలి వైఫై ప్రమాణంతోపాటే వచ్చింది. అందులో ప్రతి ప్యాకెట్‌కూ కీతోపాటు 24 బిట్ల అంకె ఒకటి కలుపుతారు, ఒకే కీ మళ్లీ మళ్లీ వాడినట్టు కాకూడదని. 24 బిట్లంటే మొత్తం 1,67,77,216 అంకెలు. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ ఆ అంకెలను యాదృచ్ఛికంగా ఎంచుకుంటూ పోతే దాదాపు 5,000 ప్యాకెట్లు దాటేసరికే ఏదో ఒకటి రెండోసారి వచ్చే అవకాశం సగానికి సగం ఉంటుంది. ఒక వీడియో తెరిస్తే 5,000 ప్యాకెట్లు ఎంతసేపు? 2001లో స్కాట్ ఫ్లూరర్, ఇట్సిక్ మాంటిన్, ఆది షమీర్ ఇంకా లోతైన లోపం బయటపెట్టారు. ఆ అంకెల్లో కొన్ని అసలు కీనే కొంచెం కొంచెంగా బయటపెట్టేస్తాయని చూపించారు. 2007 నాటికి జర్మనీ పరిశోధకులు వెప్ కీని నిమిషం లోపే రాబట్టారు. అంటే వెప్ ఎంచుకుని ఎంత కష్టమైన పాస్‌వర్డ్ పెట్టినా ఫలితం ఒకటే. అక్కడ పాస్‌వర్డ్‌ను ఎవరూ ఊహించరు, లెక్కకట్టి తీస్తారు.

2003లో వచ్చిన డబ్ల్యూపీఏ ఒక తాత్కాలిక కట్టు. అప్పటికే అమ్మేసిన రూటర్లను పారేయకుండా, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తోనే వాటిని నడిపించేందుకు టీకేఐపీ అనే పద్ధతి తెచ్చారు. 2004లో అసలైన ప్రమాణం సిద్ధమైంది. దాని మీదే డబ్ల్యూపీఏ2 వచ్చింది, అందులో వాడేది ఏఈఎస్ అనే బలమైన ఎన్‌క్రిప్షన్ పద్ధతి. 2006 మార్చి నుంచి వైఫై ధ్రువీకరణ ముద్ర కావాలంటే డబ్ల్యూపీఏ2 ఉండి తీరాలన్నారు. అంటే ఆ తర్వాత ఆ ముద్రతో తయారైన ఏ ఫోనుకైనా, ల్యాప్‌టాప్‌కైనా ఏఈఎస్ వచ్చు. అయినా ఆ తర్వాత కూడా చాలా రూటర్లు ఫ్యాక్టరీ నుంచే టీకేఐపీ, ఏఈఎస్ కలిపిన మిక్స్‌డ్ మోడ్‌లో వచ్చాయి. ఎక్కడో ఒక పాత పరికరం ఉండొచ్చన్న అనుమానంతో పెట్టిన ఈ ఏర్పాటుకు మూల్యం ఇంట్లో అందరూ చెల్లిస్తారు. మిక్స్‌డ్ మోడ్‌లో రూటర్ అందరికీ కలిపి పంపే సందేశాలకు రెండింటిలో బలహీనమైన పద్ధతినే వాడాలి, లేకపోతే పాత పరికరానికి అర్థం కావు. వేగం సంగతి కూడా ఉంది. టీకేఐపీతో కలిసే పరికరానికి కొత్త ప్రమాణాల వేగం వర్తించదు, సెకనుకు 54 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతుంది. నెట్ నెమ్మదిగా ఉందని ప్లాన్ మార్చేవాళ్లు ముందు ఈ డ్రాప్‌డౌన్ చూసుకుంటే మంచిది.

కాబట్టి ఇక్కడ ఎంచుకోవాల్సింది, ఇంట్లో పరికరాలన్నీ ఒప్పుకుంటే డబ్ల్యూపీఏ3. లేకపోతే డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ మాత్రమే. రూటర్ వాడే రెండు రేడియో బ్యాండ్లు, 2.4 గిగాహెర్ట్జ్‌కూ 5 గిగాహెర్ట్జ్‌కూ, చాలా రూటర్లలో వేర్వేరు పేజీలుంటాయి. ఒకచోట మార్చి రెండోచోట పాత అమరికనే వదిలేయడం ఎక్కువగా జరిగే పొరపాటు.

పాస్‌వర్డ్ పొడవు ఎందుకంత ముఖ్యం

పొడవైన పాస్‌వర్డ్ పెట్టాలని అందరూ చెబుతారు, ఎందుకో చెప్పరు. బ్యాంకు యాప్ నాలుగంకెల పిన్‌తో నడుస్తున్నప్పుడు వైఫైకి పన్నెండు, పదహారు అక్షరాలు దేనికి అన్న సందేహం సహజమే. జవాబు కావాలంటే ఫోన్ రూటర్‌తో కలిసే ఆ క్షణాన్ని దగ్గరగా చూడాలి.

డబ్ల్యూపీఏ2లో పాస్‌వర్డ్ ఎప్పుడూ గాలిలోకి వెళ్లదు. ఫోనూ రూటరూ ఎవరికి వారు పాస్‌వర్డ్‌నూ నెట్‌వర్క్ పేరునూ కలిపి, హ్యాష్ అనే వెనక్కి తిప్పలేని లెక్కలో 4,096 సార్లు రుబ్బి, 256 బిట్ల మూల కీ ఒకటి తయారుచేసుకుంటాయి. తర్వాత నాలుగు సందేశాలు నడుస్తాయి. మొదట రూటర్ అప్పటికప్పుడు పుట్టించిన ఒక పెద్ద అంకెను పంపుతుంది. ఫోన్ తనదైన మరో అంకెను పుట్టిస్తుంది. మూల కీ, ఆ రెండు అంకెలు, రెండు పరికరాల చిరునామాలు కలిపి ఆ విడతకు సరిపడా కీ తయారుచేస్తుంది. తన అంకెను రూటర్‌కు పంపుతూ, ఆ కీతో వేసిన ఒక ముద్రను కింద జతచేస్తుంది. రూటర్ కూడా అదే లెక్క చేసి ముద్ర సరిపోయిందో లేదో చూస్తుంది. సరిపోతే మూడో సందేశం, ఫోన్ అందిందని చెప్పే నాలుగో సందేశం, అంతటితో పని పూర్తి. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది.

ఇప్పుడు వినేవాడి వైపు నుంచి చూస్తే, వాడి దగ్గర నెట్‌వర్క్ పేరు ఉంది, రెండు అంకెలున్నాయి, రెండు చిరునామాలున్నాయి, చివరికి వచ్చిన ముద్ర ఉంది. అన్నీ గాలిలో బాహాటంగా వెళ్లినవే. లేనిది పాస్‌వర్డ్ ఒక్కటే. ఒక మాట ఊహించుకుని అదే లెక్క చేస్తాడు, ముద్ర సరిపోతుందేమో చూస్తాడు, సరిపోకపోతే ఇంకో మాట. ఈ పని రూటర్ ముందు నిలబడి చేయనక్కర్లేదు. పట్టిన ఆ నాలుగు ప్యాకెట్లను ఇంటికి తీసుకెళ్లి, తీరిగ్గా, గ్రాఫిక్స్ కార్డుల మీద పెట్టి ఆడించవచ్చు. ఎన్నిసార్లు తప్పు చెప్పినా అడ్డుకునేవాళ్లు లేరు. బ్యాంకు పిన్‌కూ దీనికీ తేడా అదే. అక్కడ మూడు తప్పులకే కార్డు బిగుసుకుపోతుంది, ఇక్కడ లెక్కపెట్టేవాడే ఉండడు. ఫోన్ ఎప్పుడు కలుస్తుందా అని కాచుకోవాల్సిన పనీ లేదు. పాత పద్ధతిలో కనెక్షన్ తెంచమనే సందేశానికి సంతకం ఉండదు, ఎవరైనా రూటర్ పేరుతో పంపేయొచ్చు. ఫోన్ ఒక్క క్షణం తెగి, దానంతటదే మళ్లీ కలుస్తుంది. కలిసినప్పుడు ఆ నాలుగు సందేశాలూ మళ్లీ నడుస్తాయి. వాడిన వ్యక్తికి నెట్ ఓ సెకను తడబడినట్టు కూడా తెలియకపోవచ్చు. 2018లో బయటపడిన మరో పద్ధతిలోనైతే ఫోన్ కూడా అక్కర్లేదు, కొన్ని రూటర్లు అడిగితే తామే మొదటి సందేశంలో సరిపడా సమాచారం ఇచ్చేస్తాయి.

ఇక పాస్‌వర్డ్ లెక్క. ఇప్పటి మంచి గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి సెకనుకు 10 లక్షల పాస్‌వర్డ్‌లను ఇలా పరీక్షించగలదు. పుట్టినతేదీని ఎనిమిది అంకెల్లో రాస్తే, ఆ ఎనిమిది అంకెల కూర్పులన్నీ కలిపినా 10 కోట్లే. వంద సెకన్లలో అయిపోతుంది. పదంకెల ఫోన్ నంబరైతే అన్ని కూర్పులకూ మూడు గంటలు చాలు. ఎనిమిది చిన్నక్షరాలు, అర్థంలేని వరసే అనుకుందాం, రెండున్నర రోజులు. అదే పన్నెండు చిన్నక్షరాలైతే మూడు వేల ఏళ్లు. ఎనిమిదికీ పన్నెండుకీ మధ్య నాలుగే అక్షరాలు, కాలమేమో రోజుల నుంచి వేల ఏళ్లకు దూకింది. అక్షరాల మధ్య ఒక ఆశ్చర్యార్థకాన్నీ ఒక అంకెనూ ఇరికించడం కంటే పొడవు పెంచడమే ఎక్కువ పనిచేస్తుందని చెప్పేది ఈ లెక్కే.

అయితే ఈ లెక్కలన్నీ అక్షరాలు యాదృచ్ఛికంగా పడితేనే. పిల్లల పేరు, దేవుడి పేరు, ఊరి పేరు, చివర 123 తగిలించిన మాటలు ఇవేవీ ఆ లెక్కలోకి రావు. అవి ఊహించేవాడి జాబితాలో మొదటి పేజీలోనే ఉంటాయి. గుర్తుండాలీ గట్టిగా ఉండాలీ అంటే, ఒకదానితో ఒకటి పొంతనలేని ఐదారు మాటలను చీట్లు తీసినట్టు తీసి పక్కపక్కన పేర్చడం మంచి మార్గం. 7,776 మాటల జాబితాలోంచి పాచికలు వేసి ఐదు మాటలు తీస్తే, పైన చెప్పిన వేగంతో వాటిని వెతికేందుకు లక్షల ఏళ్లు పడుతుంది. తెలుగు మాటల్నే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోవచ్చు. తెలుగు లిపిలో మాత్రం కుదరదు, ఈ పాస్‌వర్డ్‌కు ప్రమాణం ఒప్పుకునేది 8 నుంచి 63 దాకా మామూలు కీబోర్డు అక్షరాలనే. మాటలు ఎంచుకునేది మనసు కాకూడదు, పాచికలే కావాలి. మనసు ఎంచుకున్న ఐదు మాటలు చాలాసార్లు ఏదో పాట పల్లవిగానే తేలతాయి.

నెట్‌వర్క్ పేరు కూడా ఆ రుబ్బుడులో కలుస్తుందని పైన వచ్చింది. అందుకే రూటర్‌తో వచ్చిన పేరును అలాగే ఉంచడం మంచిది కాదు. ఒకే పేరు లక్షల రూటర్లకు ఉంటే, ఆ పేరుకు సరిపడే లెక్కలన్నీ ముందే చేసి పట్టికగా దాచుకోవచ్చు. అలాంటి పట్టికలు తిరిగాయి కూడా. పేరు మార్చాలి, కానీ ఆ పేరులో ఇంటి నంబరో ఇంటిపేరో పెట్టకూడదు. ఎవరి నెట్‌వర్కో వీధి మొత్తానికి చెప్పాల్సిన అవసరం ఏముంది?

డబ్ల్యూపీఏ3 మార్చింది ఏమిటి

2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 సరిగ్గా ఈ ఇంటికి పట్టుకెళ్లే వెసులుబాటునే తీసేసింది. అందులో కలిసే పద్ధతి వేరు. రెండు పక్కలా జరిగే గణితాన్ని ఎలా అమర్చారంటే, బయట వినేవాడి చేతికి పరీక్షించుకోదగ్గ ముద్ర ఏదీ దొరకదు. ఒక పాస్‌వర్డ్ సరైనదా కాదా తేల్చుకోవాలంటే ప్రతిసారీ రూటర్‌తో నేరుగా మాట్లాడాల్సిందే. సెకనుకు పది లక్షల ఊహలు కాస్తా రూటర్ ఒప్పుకున్నన్ని ఊహలకు పడిపోతాయి. దీంతో ఒక మోస్తరు పాస్‌వర్డ్ కూడా చాలా గట్టిదవుతుంది.

అంతగా చెప్పుకోని మేలు ఇంకొకటి ఉంది. డబ్ల్యూపీఏ2లో పాస్‌వర్డ్ తెలిసిన ఎవరైనా, పక్క ఫోన్ కలిసేటప్పటి నాలుగు సందేశాలు పట్టుకుంటే, ఆ ఫోన్ కీని తామూ తయారుచేసుకోవచ్చు. అంటే ఒకసారి పాస్‌వర్డ్ చెప్పిన అతిథి, అద్దెకున్నవారు, పనికి వచ్చినవారు ఇంట్లో మిగతావాళ్ల వైఫై ప్యాకెట్లను విప్పగలరు. సైట్లు ఎక్కువగా హెచ్‌టీటీపీఎస్ (బ్రౌజర్‌కూ సైట్‌కూ మధ్య ఉండే విడి ఎన్‌క్రిప్షన్) మీద నడుస్తున్నాయి కనుక లోపలి విషయం చాలావరకు భద్రమే, కానీ ఎవరు ఏ సైట్‌కు వెళ్తున్నారన్నది తెలిసిపోవచ్చు. డబ్ల్యూపీఏ3లో ప్రతి కలయికకూ విడి కీ పుడుతుంది, పాస్‌వర్డ్ తెలిసినా పక్కవాళ్ల మాట వినబడదు. రేపెప్పుడో పాస్‌వర్డ్ బయటపడినా ఈ రోజు పట్టి దాచుకున్న ప్యాకెట్లు విచ్చుకోవు. కనెక్షన్ తెంచే సందేశాలకు రక్షణ కూడా ఇందులో తప్పనిసరి. డబ్ల్యూపీఏ2 రూటర్లలో ఇదే ప్రొటెక్టెడ్ మేనేజ్‌మెంట్ ఫ్రేమ్స్ అన్న పేరుతో విడి సెట్టింగ్‌గా ఉంటుంది. దాన్ని పాత పరికరాలూ కలవగలిగే క్యాపబుల్ స్థితిలో పెట్టినా లాభమే.

డబ్ల్యూపీఏ3లో కూడా లోపాలు కనబడ్డాయి. 2019లో మాతీ వాన్‌హూఫ్, ఎయాల్ రోనెన్ అందులో కొన్ని చీలికలు చూపించారు, అప్‌డేట్లతో వాటిని పూడ్చారు. అంతకంటే ఎక్కువమందికి తగిలే సంగతి ట్రాన్సిషన్ మోడ్. పాత ఫోన్ల కోసం డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ ఒకే పాస్‌వర్డ్‌తో నడిచే ఏర్పాటు ఇది. డబ్ల్యూపీఏ2 తలుపు తెరిచి ఉన్నంతకాలం ఆ పాస్‌వర్డ్‌ను పాత దారిలోనే ఇంటికి పట్టుకెళ్లి ఊహించవచ్చు. కాబట్టి ఈ మోడ్‌లో ఉన్నవాళ్లు డబ్ల్యూపీఏ3 ఉంది కదా అని పాస్‌వర్డ్ కుదించకూడదు.

ఆ ఒక్క మీట

రూటర్ వెనక డబ్ల్యూపీఎస్ అని ఒక మీట ఉంటుంది. పాస్‌వర్డ్ కొట్టే శ్రమ లేకుండా ప్రింటరో టీవీయో కలపడానికి తెచ్చిన సౌకర్యం. మీటతోపాటు పిన్ పద్ధతి కూడా ఉంది, రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఎనిమిది అంకెలు ఉంటాయి. ఎనిమిది అంకెలంటే పది కోట్ల కూర్పులు. ఒక్కోదానికీ రూటర్ జవాబు కోసం రెండు సెకన్లు ఆగాలన్నా ఆరేళ్ల పని. ఎవరు చేస్తారు?

2011 డిసెంబరులో స్టెఫాన్ ఫీబెక్ అనే పరిశోధకుడు ఆ లెక్క తప్పని చూపించాడు. ఎనిమిదో అంకె మిగతా ఏడింటి నుంచి లెక్కకట్టేదే, కొత్తది కాదు. అంటే నిజానికి ఏడే. అసలు దెబ్బ ఇంకోచోట ఉంది. రూటర్ ఆ పిన్‌ను రెండు సగాలుగా సరిచూస్తుంది, మొదటి నాలుగు తప్పయితే అక్కడే ఆపి తప్పని చెప్పేస్తుంది. దాంతో మొదటి సగానికి గరిష్ఠంగా 10,000 ప్రయత్నాలు, రెండో సగంలో మిగిలిన మూడంకెలకు 1,000. రెంటినీ గుణించాల్సిన చోట కూడితే సరిపోయింది: 11,000. అదే రెండు సెకన్ల చొప్పున ఆరు గంటల పని. పిన్ దొరికితే రూటర్ తానే పాస్‌వర్డ్‌ను అప్పగిస్తుంది. అరవై మూడక్షరాల పాస్‌వర్డ్ పెట్టినా సరే, చెప్పేస్తుంది. ఇదీ మరిచిన గొళ్లెం అంటే. 2014లో ఇంకో లోపం తెలిసింది: కొన్ని చిప్‌లు యాదృచ్ఛిక అంకెలను సరిగా పుట్టించకపోవడంతో, అలాంటి రూటర్లలో ఒక్క ప్రయత్నంతో వచ్చిన సమాచారం నుంచే పిన్ లెక్కకట్టేయవచ్చు. తర్వాత చాలా రూటర్లలో కొన్ని తప్పుల తర్వాత పిన్ ఆగిపోయే ఏర్పాటు చేశారు. అయినా డబ్ల్యూపీఎస్‌ను పూర్తిగా ఆపేయడమే సరైన పని. ఏడాదికి ఒకసారి ప్రింటర్ కలిపే సుఖం కోసం ఆ తలుపు ఏడాది పొడవునా తెరిచి ఉంచనక్కర్లేదు.

తెరలు

నెట్‌వర్క్ పేరు దాచడం గురించి నిర్మొహమాటంగా చెప్పాలి. దానివల్ల లాభం లేదు, నష్టం ఉంది. రూటర్ తన పేరును చాటడం మానేస్తుంది, అంతే. ఫోన్ కలిసేటప్పుడు ఆ పేరు గాలిలో మామూలుగానే వెళ్తుంది, వినేవాడికి చేరుతుంది. పైగా దాచిన నెట్‌వర్క్ ఎక్కడుందో ఫోన్‌కు తెలియదు కనుక, బయటికి వెళ్లినప్పుడు కూడా ఫలానా నెట్‌వర్క్ ఇక్కడ ఉందా అని పేరు పెట్టి పిలుస్తూ తిరుగుతుంది. ఇంట్లో దాచిన పేరును ఊరంతా చాటినట్టవుతుంది.

మ్యాక్ ఫిల్టర్ సంగతీ అంతే. పరికరాలను గుర్తుపట్టే మ్యాక్ చిరునామాలు ప్రతి ప్యాకెట్ తలమీదా ఎన్‌క్రిప్షన్ లేకుండానే ఉంటాయి. ఎవరిని రానిస్తున్నారో వినేవాడికి వెంటనే తెలుస్తుంది, తన కార్డుకు ఆ చిరునామానే పెట్టుకోవడం నిమిషం పని. కొత్త ఫోన్లు ఒక్కో నెట్‌వర్క్‌కు ఒక్కో కల్పిత చిరునామా చూపిస్తాయి కాబట్టి ఆ జాబితా నడపడం ఇంట్లోవాళ్లకే తలనొప్పి. సిగ్నల్ పవర్ తగ్గించడం, ఐపీ చిరునామాలు చేత్తో ఇవ్వడం కూడా ఈ కోవలోవే.

రూటర్‌కు సొంత తాళం

వైఫై పాస్‌వర్డ్ వేరు, రూటర్ సెట్టింగ్స్ పేజీలోకి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు. రెంటినీ ఒకటే అనుకునేవాళ్లు ఎక్కువ, అందుకే మొదటిది మార్చి రెండోదాన్ని వదిలేస్తారు. 192.168.1.1 లేదా 192.168.0.1 అని బ్రౌజర్‌లో కొడితే వచ్చే ఆ పేజీకి యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ అడ్మిన్ అని ఉన్న రూటర్లకు కొదవలేదు. లోపలికి వచ్చినవాళ్లే కదా అది తెరవగలిగేది అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ లోపల ఉన్నది మనుషులు మాత్రమే కాదు, బ్రౌజర్ కూడా లోపలే ఉంది. ఎక్కడో ఒక చెడ్డ వెబ్ పేజీ తెరిస్తే, అందులోని కోడ్ ఆ బ్రౌజర్ చేతనే రూటర్‌కు ఆజ్ఞలు పంపించగలదు. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ అలాగే ఉంటే ఆ ఆజ్ఞలు నెరవేరుతాయి కూడా. 2007లోనే పరిశోధకులు దీన్ని చేసి చూపించారు.

అలా లోపలికి వస్తే మొదట మార్చేది డీఎన్‌ఎస్ చిరునామా. సైట్ పేరు చెబితే అది ఏ సర్వర్‌లో ఉందో చెప్పే పుస్తకం లాంటిది డీఎన్‌ఎస్. ఆ పుస్తకాన్నే మార్చేస్తే, ఇంట్లో ఏ ఫోన్‌లో ఏ పేరు కొట్టినా ఎక్కడికి తీసుకెళ్లాలన్నది దొంగ చేతిలో ఉంటుంది. డీఎన్‌ఎస్‌ఛేంజర్ అనే మాల్‌వేర్ చేసింది అదే. కంప్యూటర్లతోపాటు ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌తో ఉన్న రూటర్లలోకి వెళ్లేందుకూ అది ప్రయత్నించేది. 2011 నవంబరులో అమెరికా ఎఫ్‌బీఐ ఆ ముఠాను పట్టుకునే నాటికి వంద దేశాల్లో సుమారు 40 లక్షల కంప్యూటర్లు దాని చేతిలో ఉన్నాయి. 2016లో మిరాయ్ అనే మరో మాల్‌వేర్ వచ్చింది. 60కి పైగా ఫ్యాక్టరీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతల చిట్టాతో ఇంటర్నెట్ అంతా తిరిగి, తెరుచుకున్న రూటర్లనూ కెమెరాలనూ సైన్యంగా మార్చుకుంది. అందులో గొప్ప గణితం ఏమీ లేదు. ఎవరూ మార్చని పాస్‌వర్డ్‌ల చిట్టా ఉంది, అంతే.

అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చిన తర్వాత అదే పేజీలో రిమోట్ మేనేజ్‌మెంట్ అన్నది ఆగి ఉందో లేదో చూడాలి. ఇంటి బయట నుంచి రూటర్ పేజీ తెరవాల్సిన అవసరం మామూలు ఇళ్లలో దాదాపు ఉండదు. యూపీఎన్‌పీ అనేది లోపలి పరికరాలు అడిగిందే తడవుగా బయటి నుంచి దారి తెరిచే సౌకర్యం. ఆటలకు అవసరమైతే తప్ప ఆపేయాలి. టెల్నెట్ అనే పాత రిమోట్ లాగిన్ పద్ధతి కనబడితే అదీ ఆపాలి.

ఫర్మ్‌వేర్

పైవన్నీ సరిగా ఉన్నా, రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్‌లోనే కన్నం ఉంటే అన్నీ వృథా. 2018 మేలో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్‌వేర్ బయటపడింది, 54 దేశాల్లో కనీసం 5 లక్షల పరికరాల్లోకి చేరింది. అప్పట్లో రూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయమని ఎఫ్‌బీఐ ప్రజలకు చెప్పింది. అలా చేస్తే ఆ మాల్‌వేర్ పై పొరలు పోతాయి కానీ వేరు పోదు, అది పోవాలంటే ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. రూటర్ అనుమానంగా ప్రవర్తిస్తే స్విచ్ ఆపి మళ్లీ ఆన్ చేయడంతో సరిపెట్టకుండా రీసెట్ చేసి, ఫర్మ్‌వేర్ ఎక్కించి, మళ్లీ మొదటి నుంచి అమర్చుకోవాలనడానికి ఇదే కారణం.

అప్‌డేట్ రూటర్‌కు మాత్రమే అనుకోవడం కూడా పొరపాటే. 2017 అక్టోబరులో మాతీ వాన్‌హూఫ్ బయటపెట్టిన క్రాక్ దాడి పైన చెప్పిన నాలుగు సందేశాల్లో మూడోదాన్ని మళ్లీ పంపి, ఫోన్ చేత వాడిన కీనే మొదటి నుంచి మళ్లీ వాడిస్తుంది. లోపం ప్రధానంగా ఫోన్ల వైపు ఉంది, వాటిని అప్‌డేట్ చేయనిదే రూటర్‌ను ఎంత సరిచేసినా ఉపయోగం తక్కువ.

పని మొదలుపెట్టే క్రమం

వీలైతే కేబుల్‌తో కలిపిన కంప్యూటర్ నుంచి చేయడం మేలు. వైఫై మీదుగా చేస్తే సెక్యూరిటీ మార్చి సేవ్ నొక్కగానే ఆ కనెక్షనే తెగిపోతుంది, మధ్యలో ఆగిపోయామన్న గాభరా పుడుతుంది. ముందు అడ్మిన్ పాస్‌వర్డ్, తర్వాత ఫర్మ్‌వేర్. కొన్ని రూటర్లలో ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే పాత సెట్టింగ్స్ చెరిగిపోతాయి కాబట్టి దాన్ని మొదట్లోనే ముగించాలి. ఆ తర్వాత డబ్ల్యూపీఎస్, రిమోట్ మేనేజ్‌మెంట్, యూపీఎన్‌పీ ఆపడం. చివరగా రెండు బ్యాండ్లలోనూ సెక్యూరిటీ రకం, పేరు, పాస్‌వర్డ్. కొత్త పాస్‌వర్డ్‌లు రెండూ కాగితం మీద రాసి ఇంట్లో దాచుకోవడంలో తప్పులేదు. గాలిలో వినేవాడు ఆ కాగితాన్ని చూడలేడు.

ఇదంతా చేశాక ఏదో ఒక పాత టీవీయో కెమెరాయో మొండికేస్తుంది, కొత్త పద్ధతిలో కలవనంటుంది. అక్కడే చాలామంది విసిగి, దాని కోసం ఇల్లంతా మిక్స్‌డ్ మోడ్‌కు తెచ్చేస్తారు. ఆ ఒక్కదాన్ని గెస్ట్ నెట్‌వర్క్‌లోకి పంపడం మంచి దారి. గెస్ట్ నెట్‌వర్క్ అంటే అతిథులకే అనుకోనక్కర్లేదు. అప్‌డేట్లు ఆగిపోయిన కెమెరాలు, స్మార్ట్ బల్బులు, ఎవరు తయారుచేశారో తెలియని ప్లగ్గులు ఉండాల్సిన చోటు అదే. అక్కడున్న పరికరానికి ఇంటర్నెట్ అందుతుంది, ఇంట్లో ల్యాప్‌టాప్‌లు కనబడవు. గెస్ట్ సెట్టింగ్స్‌లో లోకల్ నెట్‌వర్క్‌ను చూడనివ్వాలా అన్న టిక్కు ఒకటి ఉంటుంది, అది తీసేసి ఉందో లేదో చూసుకోవాలి. ఆ టిక్కు ఉంటే గెస్ట్ అన్నది పేరుకే. సర్వీస్ ప్రొవైడర్ ఇచ్చిన రూటర్లలో కొన్ని అంశాలు తెరుచుకోకపోవచ్చు, అప్పుడు వాళ్లనే అడిగి మార్పించుకోవాలి, లేదా దాని వెనక సొంత రూటర్ పెట్టుకుని వైఫైని అందులోంచి నడపాలి.

అన్నీ అయ్యాక ఫోన్‌లో వైఫై వివరాలు తెరిస్తే సెక్యూరిటీ రకం ఏదో అక్కడ కనిపిస్తుంది. రూటర్ పేజీలో కలిసి ఉన్న పరికరాల జాబితా కూడా ఓసారి చదవాలి. ఇంట్లో వస్తువులను ఒక్కొక్కటే ఆపుతూ పోతే ఏ పేరు ఏ వస్తువుదో తేలుతుంది, మిగిలిపోయిన పేరు ఉంటే అది ఎవరిదో కనుక్కోవాలి. డ్రాప్‌డౌన్‌లో వెప్, టీకేఐపీ తప్ప ఇంకేమీ లేని రూటర్‌ను, లేదా తయారీదారు అప్‌డేట్లు ఇవ్వడం ఎప్పుడో మానేసిన రూటర్‌ను ఏ సెట్టింగూ బాగుచేయలేదు. దాన్ని మార్చాల్సిందే. మార్చేటప్పుడు పాతదాన్ని ఎవరికైనా ఇచ్చే ముందు, వెనక చిన్న రంధ్రంలోని రీసెట్ మీటను పిన్నుతో లైట్లన్నీ ఆరి వెలిగేదాకా నొక్కి పట్టుకోవాలి. ఇంటి వైఫై పాస్‌వర్డ్ ఇంకా దాని లోపలే ఉంటుంది.